మైనస్ పావు

వాల్గాలో మా వంతెన ఇరవై అడుగులుండదు.
కింది వాగు ఆగస్టులో మోకాలు తడపదు.
అటు లాత్వియా, ఇటు మేము.
పదకొండేళ్లు ఆ గేటు కర్రను ఎత్తీ దించీ
నా కుడి భుజం ఇప్పటికీ వానను ముందే చెబుతుంది.

కర్ర పీకేశాక నాకు పని లేదు.
స్కైద్రితే, అవతలి ఒడ్డున లెక్కలు చెప్పి రిటైరైంది,
మంగళవారం మంగళవారం వస్తుంది.
సంచిలో షాజీర వేసిన జున్ను, గళ్ల కాగితాలు.

"మొదట ఒకటి. తర్వాత ఇంకో ఒకటి.
ఇక పుట్టే ప్రతిదీ
తన ముందున్నదాన్ని ఉన్నదున్నట్టు తీసుకుని,
దానికీ ముందున్నదాన్ని జెడ్‌తో హెచ్చవేసి
కలుపుకుంటుంది. వేరే చట్టం లేదు."
తల్లి ముక్కు, అమ్మమ్మ గొంతు
కొంచెం మార్చి.
అలా పెరిగాయి బహుపదులు
డిసెంబరు రాత్రుల్లా.

ఒక్కోటి ఎక్కడ సున్నా అవుతుందో పట్టుకోవాలి.
సంకీర్ణ తలం అంటే నా కంటికి మంచు కప్పిన పొలం:
ఎటైనా పోవచ్చు, ఎవరివని అడిగేవాడు లేడు.
అయినా ఆ చుక్కలన్నీ ఒకే గీత మీద దిగాయి,
సున్నాకు ఎడమ పక్కన,
మైనస్ పావు వైపు నడిచొచ్చి
పావును ముట్టకుండా ఆగాయి.
వరుస పెరిగేకొద్దీ ఇంకొంచెం దగ్గర.
ముట్టవు.

"అక్కడ కాపలా ఎవరు?" అన్నాను.
ఉద్యోగం పోయినా బుద్ధి పోదు కదా.
పెన్సిల్ కొరుకుతూ చెప్పింది:
లోపల ఇద్దరుంటారట, ప్రతి మెట్టుకీ
తమను తామే హెచ్చవేసుకుంటూ పోయేవాళ్లు.
ఒకడిది పైచెయ్యి అయిన చోట
రెండోవాడి మాట వినబడదు, అక్కడ సున్నా పుట్టదు.
నువ్వా నేనా అని సరిసమానంగా తూగిన చోటే
ఒకర్నొకరు కొట్టేసుకుంటారు.
"ఆ గీత ఎవరూ గీసింది కాదు, హెల్దూర్.
ఎవరూ గెలవని చోటు, అంతే."

నేనేమీ అనలేదు. జున్ను కోశాను.

ఏడో వరుస దగ్గర గొడవైంది.
రెండు చుక్కలు గీత వదిలి పొలంలో పడ్డాయి,
ఒకటి పైన, దాని నీడలా ఇంకోటి కింద.
రెండు వారాలు ఆమెకు తిండి సయించలేదు.
నాకేమో ముచ్చటేసింది.
తొంభై ఆరు సెప్టెంబరులో
ఒకావిడ బుట్టతో వచ్చింది, కాగితాల్లేవు.
మా వైపు అడవిలో కుక్కగొడుగులు బాగా పడ్డాయంది.
నేను అటు తిరిగి సిగరెట్ వెలిగించాను.
పొద్దున అలా వెళ్లింది,
చీకటి పడ్డాక ఇలా వచ్చింది.
పైన ఒక చుక్క, కింద ఒక చుక్క.
రిజిస్టరులో ఆ రోజు ఖాళీ.

మూడో మంగళవారం దొరికింది తప్పు.
ఒకటి, అయిదు, ఆరు, ఒకటి అని ఉండాలి.
ఆమె రాసుకున్నది తొమ్మిది.
అంకెలు చదివిచ్చింది నేను,
బల్లకి ఈ వైపు కూర్చుని.
ఆమె ఆరు నా వైపుకి తొమ్మిది.

దిద్దగానే ఆ రెండూ బుద్ధిగా గీత మీదికొచ్చేశాయి,
అసలెన్నడూ దాటనట్టు.
తప్పు కాగితం పారెయ్యమంది.
పారేశానన్నాను.
అది పాత రిజిస్టరులో ఉంది, ఖాళీ పేజీ దగ్గర.

ఇప్పుడు ఆమె కుర్చీని నా పక్కకి లాక్కుంది.
ఈ వారం జెడ్ ఉన్న చోట దాని ఘనం పెట్టాం.
గీత మూడైంది,
మా స్టేషన్లో పట్టాలు మూడు దిక్కులకి చీలినట్టు.
నడుమ గుండ్రంగా ఖాళీ.
అందులో ఒక్క చుక్క కూడా పడదని
ఆమె రుజువు రాసి సంతకం పెట్టి ఇంటికెళ్లింది.

నేను దీపం ఆర్పలేదు.
అలవాటు.